అన్నకు దారి చెప్పే డబ్బా

సంతపూర్ నుంచి తిరిగి వస్తున్నాం. మధ్యాహ్నం రెండు దాటింది. అన్న కారు నడుపుతున్నాడు, నేను పక్క సీట్లో కూర్చున్నాను. ముప్పై ఏళ్లుగా మా ఇద్దరి చోట్లూ అవే. రోడ్డు రెండుగా చీలే ఒక క్రాస్ దగ్గర అన్న కారు పక్కకు తీసి ఆపాడు. టైరు చూసుకోవడానికి దిగుతాడేమో అనుకున్నాను. దిగలేదు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని అద్దంలోంచి ముందుకు చూస్తూ ఉండిపోయాడు.

“తమ్మీ, బీదర్ ఎటు?” అన్నాడు.

తమాషా చేస్తున్నాడనుకుని నవ్వాను. అన్న నవ్వలేదు. ఏసీ నడుస్తూనే ఉంది, అయినా చెవి పక్కన చెమట కారుతోంది.

ఆ రోడ్డు మీద అన్న ఎన్నిసార్లు తిరిగాడో చెప్పలేను. ఏ ఊరి ముందు గుంతలున్నాయో, ఏ మలుపులో ట్రాక్టర్లు అడ్డం వస్తాయో ముందుగానే చెప్తూ నడిపేవాడు. అలాంటి మనిషి నన్ను అడుగుతున్నాడు. నాకూ తెలియదు. దారి చూపించే బోర్డు మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టి ఉంది. ఇద్దరం అట్లాగే కూర్చున్నాం. కాసేపటికి ఔరాద్ బోర్డుతో ఒక బస్సు ఎదురుగా వచ్చింది. అది బీదర్ నుంచి వస్తున్న బస్సే అయి ఉంటుందనిపించి, “అది వచ్చిన దిక్కు పోదాం అన్నా” అన్నాను. అన్న గేరు వేశాడు. మాంజ్రా నది బ్రిడ్జి కనిపించాకే సరైన దారిలో ఉన్నామని తెలిసింది.

నాకు ఎందుకు తెలియదో చెప్పాలి. నా ఎడమ కన్ను ఏడేళ్ల వయసులో పోయింది. ఆటలో తగిలిన దెబ్బ. ఇంట్లో వాళ్లు నన్ను స్కూటర్ కూడా ముట్టుకోనివ్వలేదు. పెద్దయ్యాక నేనే ముట్టుకోలేదు. బీదర్ ధాన్యం మార్కెట్లో, అంటే గంజ్‌లో, మాది పప్పుల హోల్‌సేల్ దుకాణం. ఊళ్లు తిరిగి పంట చూసి మాట్లాడుకుని రావడం అన్న పని, దుకాణంలో ఉండటం నా పని. వారానికి ఒకటి రెండు రోజులు నేనూ వెంట వెళ్లేవాణ్ని. పక్క సీట్లో కూర్చుంటే ఎడమ కిటికీ నాకు లేనట్టే. కనిపించేది కుడివైపు, అంటే అన్న. ఇన్నేళ్లలో నేను రోడ్డు కంటే అన్న ముఖమే ఎక్కువ చూశాను. దారి సంగతి అన్నకు తెలుసు కదా, నాకెందుకు అనుకున్నాను.

నా భార్య పోయినప్పటి నుంచి నా తిండి అన్న ఇంట్లోనే. పైన రెండు గదుల్లో నేను, కింద అన్న, వదిన. ఆ రోజు వదిన కంచంలో అన్నం పెడుతూ నా ముఖం చూసింది. అన్న చెయ్యి కడుక్కుని లోపలికి పోయాక మెల్లగా అడిగింది.

“తోవల ఏమన్న అయ్యిందా?”

“ఏం కాలేదు వదినా.”

“నాకు గట్ల చెప్పకు. మొన్న పెరుగు తెస్తనని పోయి గంటన్నరకు వచ్చిండు. పోయింది మన గల్లీ మూలకే. చెప్పులు చేతిల పట్టుకోని వచ్చిండు. ఎందుకు పట్టుకున్నడో ఆయనకే ఎర్కలేదు.”

ఆరు నెలలుగా ఆమె చూస్తూ ఉందట. ఒక్కతే. నేను అదే ఇంట్లో రెండు పూటలా తింటూ ఏమీ చూడలేదు.

“ఎవలికీ చెప్పకు” అంది. “గంజ్‌ల తెలిస్తే మనిషి సగం సచ్చిపోతడు.”

నా కన్ను చూపించుకోవాలని అబద్ధం చెప్పి అన్నను హైదరాబాద్ తీసుకువెళ్లాను. అక్కడ ముందే మాట్లాడి పెట్టుకున్న డాక్టరు అన్నతో ఊరికే కబుర్లు చెప్తున్నట్టు చాలాసేపు మాట్లాడాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు. మరుపును కొంత ఆపగల మందులు ఉన్నాయి, పోయింది వెనక్కి తెచ్చే మందు లేదు అన్నాడు. ఒక్కణ్నే కారు నడపనివ్వొద్దన్నాడు. ఎట్లా ఆపాలో మాత్రం ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

నేను చేసిన మొదటి పని, తాళంచెవి దాచడం. దేవుడి గదిలో నూనె సీసా వెనక పెట్టాను. అన్న ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇల్లంతా వెతికాడు. పరుపు లేపాడు, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చూశాడు. నన్ను గానీ వదినను గానీ ఒక్క మాట అడగలేదు. తనే ఎక్కడో పెట్టి మరిచిపోయానని నమ్మాడు. సాయంత్రం అరుగు మీద కూర్చుని తన తలను అరచేత్తో మెల్లగా రెండుసార్లు కొట్టుకున్నాడు. నేను మెట్ల మీద నిలబడి చూశాను. అన్న స్నానానికి లేవగానే తాళంచెవి తీసి ఆయన చొక్కా జేబులో వేశాను. దాన్ని మళ్లీ దాచే ధైర్యం నాకు రాలేదు.

అన్న కూతురు సోలాపూర్‌లో ఉంటుంది. ఫోన్లో విషయం చెప్తే, “బాబాయ్, నాన్నకు మంచి ఫోన్ కొనియ్యి, దాంట్లనే తోవ చూపిస్తది గద” అంది. నా ఫోన్ కారులో పెట్టి ఒకరోజు ప్రయత్నించాను. దారి చూపిస్తుండగానే గంజ్ నుంచి ఫోన్ వచ్చింది, దారి మాయమైంది. ఇంకొంత దూరం పోయాక సిగ్నల్ పోయింది. బోర్డర్ ఊళ్ల దగ్గర ఫోన్ ఒకసారి కర్ణాటకలో, ఒకసారి మహారాష్ట్రలో, ఒకసారి ఎక్కడా లేనట్టు ఉంటుంది. పైగా అన్నది మీటలు నొక్కే చిన్న ఫోన్. వేలు తాకితే కదిలిపోయే అద్దమంటే ఆయనకు చిరాకు.

అప్పుడే ఒక విడి యంత్రం ఉంటుందని తెలిసింది. కారు అద్దానికి అంటించుకోవచ్చు, తీసేయొచ్చు, దారి చెప్పడం తప్ప వేరే పని చెయ్యదు. బస్టాండు దారిలో కార్లకు సీటు కవర్లు, పాటల డబ్బాలు బిగించే దుకాణం ఒకటి ఉంది. అక్కడికి పోయాను. దుకాణం అతను నడివయసు మనిషి, ఉర్దూ తెలుగు కలిపి మాట్లాడతాడు. నేను అడిగింది విని ఆశ్చర్యపోయాడు.

“ఇప్పుడు గవ్వి ఎవలు కొంటున్నరు సేట్? అందరు ఫోన్ల చూస్తున్నరు. లేకుంటే ఇగో, పెద్ద స్క్రీన్ కొంటున్నరు” అని డ్యాష్‌బోర్డులో బిగించేది చూపించాడు. అందులో పాటలు, సినిమాలు, వెనక కెమెరా అన్నీ ఉన్నాయి. అన్ని బొమ్మల మధ్య అన్న కళ్లు ఎక్కడ నిలుస్తాయి? వద్దన్నాను. విడి యంత్రమే కావాలంటే హైదరాబాద్ నుంచి తెప్పిస్తానన్నాడు. నాలుగు రోజుల తర్వాత రమ్మంటే పోయాను. గాజు బల్ల మీద మూడు పెట్టాడు.

ఒకటి అరచేయంత చిన్నది. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఒకటి పెద్దది, కానీ అద్దానికి అంటించి చూపించబోతే దాని బరువుకు అదే ఊడి సీట్లో పడింది. మూడోది మధ్యరకం. మ్యాపు లోపలే ఉంటుంది, నెట్ అక్కర్లేదన్నాడు. తప్పిపోతే మళ్లీ లెక్క వేసుకుని కొత్త దారి చెప్తుందన్నాడు.

“తెలుగుల చెప్తదా?”

“లేదు సేట్. హిందీ ఉన్నది, కన్నడ ఉన్నది, ఇంగ్లీష్ ఉన్నది.”

అన్న బడి చదువు కన్నడలో, వ్యాపారం ఉర్దూలో, ఇల్లు తెలుగులో. ఇప్పుడు ఆ మూడింటిలో ఏది ఆఖరు దాకా నిలుస్తుందో నాకెట్లా తెలుస్తుంది? ఆ దుకాణంలో స్టూలు మీద కూర్చుని దాని గురించి చాలాసేపు ఆలోచించాను. చివరికి హిందీ ఆడగొంతు పెట్టమన్నాను. మగ గొంతు అధికారిలా గద్దించింది.

“ఏదన్న ఊరు కొట్టి చూడున్రి” అని నా చేతికిచ్చాడు. భాల్కి దిక్కు ధన్నూరలో అన్నకు పాత స్నేహితుడు ఉన్నాడు, నెలకోసారైనా పోతాడు. ఆ పేరు కొట్టాను. మూడు వచ్చాయి, మూడింటికీ ఇంగ్లీషు స్పెల్లింగు తలా ఒక తీరు. మొదటిదాని మీద వేలు పెట్టి దాచుకునే జాబితాలో వేశాను. సంతపూర్, ఇల్లు, దుకాణం కూడా వేశాను. పైన ఎయిర్‌ఫోర్స్ శిక్షణ విమానం ఒకటి పెద్ద రొదతో పోయింది. దుకాణం అతను అది పోయేదాకా ఆగి అడిగాడు.

“ఎవలికి సేట్ ఇది? మీరు నడపరు గద.”

ఎందుకో ఆ మనిషికి నిజం చెప్పాను. అప్పటిదాకా బయట ఎవరికీ చెప్పలేదు. అతను బల్ల కింది నుంచి అగ్గిపెట్టెంత నల్లటి ముక్క ఒకటి తీశాడు.

“గట్లయితే ఇది చూడున్రి. లోపల సిమ్ ఉంటది. బండిల యాడనో దాసి పెడ్త, ఆయనకు మాలూమే కాదు. అది ఆయనకు తోవ చెప్తది. ఇది ఆయన యాడున్నడో మీకు చెప్తది. ఏది గావాలె మీకు?”

రెండూ తీసుకోవచ్చని ఆ క్షణంలో నాకు తోచనే లేదు. ఆ నల్లముక్క చూడగానే తప్పిపోకుండా మెడలో గంట కట్టిన దూడ గుర్తుకొచ్చింది. దొంగలకు పెట్టేది, ఆవులకు పెట్టేది మా అన్నకు పెట్టాలా? వద్దని తల ఊపాను. దారి చెప్పేది కట్టమన్నాను.

ఇంటికి తెచ్చి కారు అద్దానికి అంటించేసరికి అన్న బయటికొచ్చాడు.

“ఏందది?”

“తోవ చెప్పేది అన్నా.”

“ఎవలికి తెచ్చినవ్?”

“నాకే. ఆ దినం నువ్వు అడిగితే నాకు తోవ తెల్వకపాయె గద. నేర్చుకుందామని.”

అన్న నన్ను చూశాడు. నా మంచి కంట్లోకి చూశాడు, అది ఆయనకు చిన్నప్పటి నుంచి అలవాటు. తర్వాత యంత్రం వైపు తిరిగి, “మంచిగున్నది” అన్నాడు.

కొన్ని వారాలు బాగానే గడిచాయి. ఇద్దరం వెళ్లేటప్పుడు నేను జాబితాలోంచి ఊరు నొక్కేవాణ్ని, అన్న పక్కనుంచి చూసేవాడు. రెండు వందల మీటర్ల తర్వాత కుడికి తిరగండి అని ఆ గొంతు హిందీలో చెప్పేది. అన్న తిరిగేవాడు. ఆమె అని పిలవడం మొదలుపెట్టాడు. “ఆమె ఇయ్యాల జర లేటుగ చెప్తాంది” అనేవాడు. ఒకసారి కావాలనే తప్పు మలుపు తిరిగి, అది మళ్లీ దారి వెతుకుతున్నానని చెప్పగానే, “చూస్తివా, దానికి సుత దొరుకుతలేదు” అని బిగ్గరగా నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి వదినకు చెప్తే ఆమె నవ్వలేదు. “ఇదివరకు తోవల మనుషులను అడిగేటోడు, ఇప్పుడు ఎవలనూ అడుగుతలేడు” అంది. అది నేను గమనించలేదు.

ధన్నూరలోని స్నేహితుడి తల్లి పోయిందని ఒకరోజు పొద్దున కబురు వచ్చింది. సాయంత్రం ఇద్దరం పోదామని అన్నకు చెప్పి నేను గంజ్‌కు వెళ్లాను. పది గంటలకు వదిన ఫోన్ చేసింది. వంటింట్లో ఉండగా కారు చప్పుడు వినబడిందట. పిండి చేతులతోనే బయటికి పరుగెత్తిందట. అప్పటికే కారు మలుపు తిరిగిపోయింది. అన్న ఫోన్ మంచం మీదే ఉంది.

“గా డబ్బ ఉన్నది గద వదినా, అది చెప్తది” అన్నాను.

పన్నెండు గంటలకు ధన్నూరకు ఫోన్ చేశాను. రాలేదన్నారు. ఒంటిగంటకు మళ్లీ చేశాను. రాలేదు. చావు ఇంటికి మాటిమాటికీ ఫోన్ చేసి ఎట్లా అడగను? దుకాణం మూసి ఇంటికి వచ్చాను. వదిన అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చేతుల మీద పిండి ఎండిపోయింది. పోలీసులకు చెప్దామా అన్నాను. ఏమని చెప్తావు అంది. అరవై నాలుగేళ్ల మనిషి, తన కారులో, పట్టపగలు, తెలిసిన ఊరికి పోయాడు. ఏమని చెప్పాలి? చెప్పాలంటే అంతా చెప్పాలి. వీధిలో వాళ్లు పోతూ పోతూ పలకరిస్తుంటే ఇద్దరం తల ఊపుతూ కూర్చున్నాం. దూరంగా కారు హారన్ వినబడితే ఇద్దరం ఒకేసారి లేచేవాళ్లం, ఒకరి ముఖం ఒకరు చూడకుండా మళ్లీ కూర్చునేవాళ్లం.

“ఇంకోటి ఉండె వదినా” అన్నాను. ఎందుకు చెప్పానో తెలియదు. “బండి యాడున్నదో మనకు చూపిచ్చేది. నేనే వద్దన్న.”

ఆమె నా వైపు తిరిగింది. కోపం చేస్తే బాగుండేది.

“ఎందుకు వద్దన్నవ్?”

“అన్నకు ఇజ్జత్ పోతదని.”

ఆమె తన చేతుల మీది పిండి గోటితో గీకుతూ ఉండిపోయింది.

మూడు గంటలకు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆడమనిషి గొంతు.

“అన్నా, మీరు బీదర్‌ల పప్పుల దుకాణమోల్లేనా? కారుల ఉన్న మీ దుకాణం బట్టసంచి మీద నంబర్ ఉంటే చేస్తున్న. మీ పెద్దమనిషి ఒకాయన మా చేన్ల ఉన్నడు. కారు తోటి వచ్చిండు. మంచిగనే ఉన్నడు, రొట్టె పెట్టిన. గని కారుల ఆ డబ్బ ఒకటే మాట్లాడుతాంది, దాన్ని ఎట్ల బంద్ చేయాలె?”

ఊరి పేరు చెప్పింది. ఔరాద్ దాటి ఇంకా పైకి, మహారాష్ట్ర బోర్డర్ పక్కన. ధన్నూరకు భాల్కి రోడ్డు పట్టాలి. అన్న దానికి సంబంధం లేని రోడ్డు పట్టి అంత దూరం ఎట్లా పోయాడు? టాక్సీ మాట్లాడుకుని, వదిన నేను బయలుదేరాం. దారిలో సంగతి అర్థమైంది. ఆ రోజు దుకాణంలో మూడు పేర్లలో మొదటిదాని మీద వేలు పెట్టింది నేనే. అది వేరే ఊరు. డబ్బా తెచ్చాక ఇద్దరం ధన్నూరకు ఒక్కసారీ పోలేదు గనుక తప్పు బయటపడలేదు. టాక్సీ వెనక సీట్లో పక్కనే కూర్చున్న వదినకు ఆ మాట చెప్పలేకపోయాను.

బండ్ల బాట ఒకటి చేలోకి పోయి ఆగిపోయిన చోట మా కారు ఉంది. రేకుల షెడ్డు నీడలో మంచం మీద అన్న కూర్చుని ఉన్నాడు. ముందు చాట నిండా కందులు. ఫోన్ చేసిన ఆవిడ, నలభై ఏళ్లుంటాయేమో, పక్కన నిలబడి వింటోంది. తరాలుగా అక్కడే సేద్యం చేసుకుంటున్న తెలుగువాళ్లు.

“అన్నకు కందుల సంగతి మస్తు ఎర్క” అంది ఆవిడ మమ్మల్ని చూసి. “పంటితోటి కొరికి చూసి, ఇంక రెండు దినాలు ఎండాలె అని చెప్పిండు. మా ఇంటాయనకు సుత అంత తెల్వదు.”

వదిన పోయి అన్న పక్కన మంచం అంచున కూర్చుంది. అన్న ఆమెను చూసి, “నువ్వెందుకు వచ్చినవ్ ఇంత ఎండల?” అన్నాడు. ఆమె చెంగుతో ఆయన మెడ మీది దుమ్ము తుడిచింది. నేను కారు దగ్గరికి పోయి యంత్రం తీసి, మీట నొక్కి నోరు మూయించాను. వెళ్లేటప్పుడు వదిన ఆవిడ చేతులు రెండూ పట్టుకుంది. “ఏం కాదక్కా, మా నాయిన సుత గిట్లనే ఉండె” అంది ఆవిడ. అంటే ఆవిడకు మొదటే అర్థమైంది.

కారు అక్కడే వదిలి టాక్సీలో పోదామని తాళంచెవి అడిగితే అన్న ఇవ్వలేదు. టాక్సీలో వదిన ముందు, దాని వెనక కారు నడుపుతూ అన్న, పక్కన నేను. టాక్సీ వెనక లైట్లను చూసుకుంటూ మెల్లగా వస్తున్నాడు. నేనే మాట మొదలుపెట్టాను.

“తప్పు నాదన్నా. ఊరు తప్పు పెట్టిన. మూడు ధన్నూరలు చూపిచ్చింది, చూడకుంట ఒకటి ఒత్తిన.”

“నాకు ఎర్కే” అన్నాడు.

“ఏం ఎర్క?”

“బీదర్‌లనే ఎర్క. భాల్కికి ఇటు పోవాలె, ఆమె అటు పొమ్మంటాంది. తప్పు చెప్తాందని నా మనసుకు తెలిసింది.”

“మరెందుకు పోయినవ్ అన్నా?”

ఎదురుగా గొర్రెల మంద వస్తే టాక్సీ ఆగింది, మేమూ ఆగాం. గొర్రెలు కారుకు రెండు వైపులా రాసుకుంటూ పోతున్నాయి.

“నా మనసు చెప్పిందే తప్పేమో అనుకున్న. ఇప్పుడు గట్లనే అవుతాంది గద. అందుకే ఆమె మాటే విన్న.”

తన మీద తనకు మిగిలిన ఆ కాస్త నమ్మకాన్నీ తీసి నేను ఆ డబ్బా చేతిలో పెట్టాను. నేర్చుకోవడానికి నాకే అని అబద్ధం చెప్పి మరీ పెట్టాను.

గొర్రెలు పోయాయి. అన్న గేరు వేస్తూ అడిగాడు.

“నేను యాడున్ననో మీకు తెలిసేటిది ఏమన్న ఉంటదా?”

“ఉంటదన్నా. ఉండె. నీకు ఇజ్జత్ పోతదని నేనే తేలేదు.”

“ఇజ్జత్ నాది పోతుండెనా, నీదా?” అన్నాడు. కోపంగా అనలేదు. తెలుసుకోవాలన్నట్టే అడిగాడు.

మర్నాడు ఇద్దరం ఆ దుకాణానికి పోయాం. నేను ఏదో నెమ్మదిగా మొదలుపెట్టేలోపే అన్న దుకాణం అతనితో నేరుగా చెప్పాడు. “నాకు యాది ఉంటలేదు భాయ్. నేను తప్పిపోతే వీడు నన్ను దేవులాడాలె. ఆ చిన్నది పెట్టు.” అక్కడ ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. నేను నేల చూశాను. అన్న మాత్రం అతను ఎక్కడ బిగిస్తున్నాడో వంగి శ్రద్ధగా చూశాడు. దాచి పెట్టాల్సిన పని లేదన్నాడు.

దారి చెప్పే డబ్బాను మళ్లీ అద్దానికి అంటించలేదు. అప్పటి నుంచి నా ఫోన్లో ఒక నీలం చుక్క. దుకాణంలో జనం ఉన్నా నా కన్ను దాని మీదే. చుక్క కదిలితే గుండె కొట్టుకునేది, ఆగితే ఇంకా ఎక్కువ కొట్టుకునేది. ఎక్కడున్నాడో తెలుస్తోంది. తెలిసి నేను చేయగలిగింది ఏమీ లేదు. నాకు నడపడం రాదు. ఒకరోజు చుక్క కోట రోడ్డు మీద ఒకే చోట మూడుసార్లు తిరిగింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆటో ఎక్కి చుక్క వెంట పడ్డాను. నేను ఒక మూలకు చేరేసరికి అది ఇంకో మూలలో ఉండేది. ఆటో అతను, “ఎవల్ని పట్టాలె సేట్? దొంగనా?” అని అడిగాడు. చివరికి కోట ముందర కారు ఆగి ఉంది. అన్న కిటికీ అద్దం దించుకుని కూర్చుని ఉన్నాడు.

“ఇంటికే పోతున్న తమ్మీ” అన్నాడు నన్ను చూసి. “పోతనే ఉన్న. వస్తలేదు ఇల్లు.”

కారు అక్కడే వదిలి ఆటోలో తీసుకువచ్చాను. ఆ సాయంత్రం అన్న తాళంచెవి తీసి వదిన ముందు వంటింటి గట్టు మీద పెట్టాడు. నాకు ఇవ్వలేదు. ఇచ్చినా నేనేం చేసుకుంటాను?

ఆమె రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. మూడో రోజు, “నాకు నేర్పియ్యి” అంది అన్నతో. ఆమెకు అరవై నిండాయి. నేను వారించాను. డ్రైవర్ను పెట్టుకుందామన్నాను. “ఊరికి పోవాలంటే పెడ్దాం. ఈయన్ని రోజు జర తిప్పుక రావాలె గద, దానికి డ్రైవర్ ఎందుకు?” అంది.

ఇప్పుడు ఆదివారం పొద్దున్నే ఊరి బయట ఖాళీ మైదానానికి పోతాం. తెలిసిన డ్రైవర్ ఒకడు అక్కడిదాకా తెచ్చి దిగిపోయి టీ తాగడానికి పోతాడు. వదిన స్టీరింగ్ ముందు కూర్చుంటుంది, అన్న పక్క సీట్లో. నేను వెనక. అన్నకు కొన్ని రోజులు ఆ మైదానం ఏదో తెలియదు, ఎందుకొచ్చామో తెలియదు. కానీ ఇంజన్ చప్పుడు మారగానే కాలు దానంతటదే కదులుతుంది. “క్లచ్. మెల్లగ. గేర్ మార్చు” అంటాడు. ఆ మాటల్లో తడబాటు ఉండదు.

పోయిన ఆదివారం మొదటిసారి మైదానం దాటి రోడ్డు మీదికి వచ్చింది, నౌబాద్ దిక్కు. రెండో గేరులోనే పోయింది. వెనక బస్సు ఒకటి హారన్ కొడుతూ ఉంటే కంగారుపడింది, ఇంజన్ ఆగిపోయింది. “పోనియ్యి, వాడు పోతడు” అన్నాడు అన్న. బస్సు పక్కనుంచి దాటిపోయింది. వదిన రెండు అరచేతులూ చీరకు తుడుచుకుంది. నాకు ఏం చేయాలో తోచక వెనక సీట్లోంచి నీళ్ల సీసా అందించాను. ఆమె వద్దంది. అన్న తీసుకుని, రెండు గుక్కలు తాగి, మూత సరిగ్గా బిగించి, ఒళ్లో పెట్టుకున్నాడు. “ఇగ బండి స్టార్ట్ చేయి” అన్నాడు ఆమెతో. ఆమె తాళం తిప్పింది.